ట్యూబ్ ఆడియో పరికరాల్లో కంపనాల నివారణ: డాంపర్ రింగుల ఎంపిక, అమరిక, పరీక్ష

ఫోనో ప్రీయాంప్ (రికార్డు ప్లేయరు ఇచ్చే సన్నని సంకేతాన్ని పెంచే పరికరం) ఆన్ చేసి, రికార్డు మీద ముల్లు పెట్టకుండా, వాల్యూమును మామూలుగా వినే స్థాయికి తెచ్చి, మొదటి వాక్యూమ్ ట్యూబు గాజును పెన్సిలు వెనుక ఉండే రబ్బరుతో మెల్లగా తట్టి చూడండి. స్పీకరులో నుంచి గాజు గ్లాసును గోటితో మీటినట్టు ‘టింగ్’మని ఒక చప్పుడు వస్తుంది. కొన్ని ట్యూబుల్లో ఆ చప్పుడు తట్టిన మరుక్షణమే ఆగిపోతుంది. కొన్నింటిలో గంట కొట్టాక మిగిలే ఝంకారంలా ఒకటి రెండు సెకన్ల పాటు సాగుతూ పోతుంది. ట్యూబు గాజు చుట్టూ తొడిగే డాంపర్ రింగు చేయగలిగిన పని ఒక్కటే, ఆ సాగుడును కురచ చేయడం. అంతకు మించి స్వరం మధురమవుతుందనీ, ధ్వని వేదిక విశాలమవుతుందనీ చెప్పే మాటలను ఈ వ్యాసంలో పక్కన పెడుతున్నాను. రింగు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ దండగ, ఎలా తొడగాలి, తొడిగాక నిజంగా తేడా వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

కంపనం ధ్వనిగా మారే తీరు

ట్యూబులో కాథోడ్ నుంచి ఆనోడ్‌కు పోయే ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని మధ్యలో ఉన్న గ్రిడ్ తీగచుట్ట అదుపు చేస్తుంది. ఆ అదుపు గ్రిడ్ మీది వోల్టేజి మీదే కాక, గ్రిడ్‌కూ కాథోడ్‌కూ మధ్య ఉన్న దూరం మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఈ దూరం మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. 6డీజే8 వంటి ఫ్రేమ్ గ్రిడ్ (గట్టి చట్రానికి సన్నని తీగ చుట్టిన గ్రిడ్) ట్యూబుల్లో అది మరీ తక్కువ. కాబట్టి గ్రిడ్ తీగ ఇసుమంత ఊగినా ఆనోడ్ కరెంటు ఆ ఊపుకు తగ్గట్టు మారుతుంది. సర్క్యూట్‌కు అసలు సంకేతం, ఈ ఊపు రెండూ ఒకటే. రెండింటినీ సమానంగా పెంచి స్పీకరుకు పంపుతుంది. ట్యూబు ఈ విధంగా మైక్రోఫోనులా ప్రవర్తించడాన్నే మైక్రోఫోనీ అంటారు.

లోపలి భాగాలు గాలిలో వేలాడవు. కాథోడ్, గ్రిడ్, ఆనోడ్‌లను పైనా కిందా రెండు అభ్రకపు బిళ్ళలు పట్టి ఉంచుతాయి. ఆ బిళ్ళల అంచులు గాజు లోపలి గోడను తాకుతూ ఉంటాయి. కంపనం లోపలికి చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి అలమర నుంచి ఛాసిస్‌కు (పరికరపు లోహపు చట్రానికి), ఛాసిస్ నుంచి సాకెట్‌కు, సాకెట్ నుంచి పిన్నులకు. రెండోది స్పీకరు నుంచి గాలి ద్వారా గాజుకు, గాజు నుంచి అభ్రకపు అంచులకు. రింగు ప్రభావం చూపేది ప్రధానంగా ఈ రెండో దారి మీద. అది గాజును పట్టుకుంటుంది తప్ప గ్రిడ్ తీగను పట్టుకోలేదు. తీగను చుట్టినప్పుడే బిగువు సరిగా లేక, అభ్రకపు రంధ్రంలో గ్రిడ్ స్తంభం వదులుగా ఉన్న ట్యూబుకు బయట ఎన్ని రింగులు తొడిగినా ఆ వదులు పోదు.

వాల్యూము పెంచినప్పుడు ఈ రెండు దారులూ ఒక చక్రంగా మారే ప్రమాదం ఉంది. స్పీకరు ధ్వని ట్యూబును కదిలిస్తుంది, ట్యూబు ఆ కదలికను సంకేతంగా మారుస్తుంది, యాంప్లిఫయర్ దాన్ని పెంచి మళ్ళీ స్పీకరుకు ఇస్తుంది. చక్రం ఒకసారి తిరిగేసరికి ఒక పౌనఃపున్యం దగ్గర పెంపు (గెయిన్) ఒక రెట్టుకు మించితే ‘ఊఁ’ అంటూ మొదలై ఆగని అరుపు వస్తుంది. ఈఎఫ్86 పెంటోడ్ (ఐదు ఎలక్ట్రోడ్‌ల) ట్యూబును తక్కువ మైక్రోఫోనీ కోసమే రూపొందించినా, స్పీకరు, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే గిటార్ కాంబోల్లో అది ఈ అరుపుకు అపఖ్యాతి పాలైంది. ట్యూబు ఎంత మంచిదైనా దాన్ని ఎక్కడ కూర్చోబెట్టామన్నదే ఎక్కువ తేల్చుతుందనడానికి అదొక ఉదాహరణ. ఈ బెడద కొత్తదేమీ కాదు. 1920 దశకంలోని బ్యాటరీ రేడియోల్లో సన్నని ఫిలమెంటు ట్యూబులు ఇంతకన్నా ఘోరంగా మోగేవి కాబట్టి, స్ప్రింగుల మీద ఊగే సాకెట్లూ, ట్యూబు నెత్తిన పెట్టే బరువైన టోపీలూ ఆనాడే వాడుకలోకి వచ్చాయి.

ఏ ట్యూబుకు పెట్టాలి

అన్ని ట్యూబులకూ రింగులు తొడగడం చూడడానికి బాగుంటుంది గానీ అందులో చాలా భాగం వృథా. లెక్క ఇలా ఉంటుంది. కంపనం వల్ల గ్రిడ్ దగ్గర 5 మైక్రోవోల్టులకు సమానమైన సంకేతం పుట్టిందనుకుందాం. రికార్డు ముల్లు కదలికను సంకేతంగా మార్చే కార్ట్రిడ్జిల్లో మూవింగ్ మ్యాగ్నెట్ రకం ఇచ్చే సంకేతం సుమారు 5 మిల్లీవోల్టులు. అంటే కంపనం దానికి 60 డెసిబెల్స్ కింద ఉంటుంది. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జిని ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా ట్యూబుకే కలిపితే సంకేతం అర మిల్లీవోల్టు మాత్రమే, కాబట్టి తేడా 40 డెసిబెల్స్‌కు పడిపోతుంది. నెమ్మదైన సంగీతంలో ఇది చెవికి దొరుకుతుంది. అదే కంపనం 1 వోల్టు సంకేతం నడిచే లైన్ స్టేజిలో (ఫోనో తరువాత వచ్చే పెంపు దశలో) పుడితే 106 డెసిబెల్స్ కింద ఉంటుంది, అంటే లేనట్టే.

కాబట్టి వరుస ఇది. మొట్టమొదట ఫోనో ప్రీయాంప్‌లో కార్ట్రిడ్జి నుంచి సంకేతాన్ని అందుకునే మొదటి ట్యూబు. చాలా పరికరాల్లో అది 12ఏఎక్స్7, అంటే ఈసీసీ83. దాని వర్ధన గుణకం (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) 100. లేకపోతే గుణకం 33 ఉన్న 6డీజే8, అంటే ఈసీసీ88. తరువాత ఫోనోలోని రెండో ట్యూబు, ఆ తరువాత లైన్ స్టేజి. 12ఏయూ7, 6ఎస్ఎన్7 వంటి 20కి అటూ ఇటూ గుణకం ఉన్న ట్యూబులు లైన్ స్టేజిలోనో, ఫేజ్ ఇన్వర్టరు (పవర్ ట్యూబుల జంటకు ఎదురెదురు సంకేతాలు ఇచ్చే దశ) దగ్గరో ఉంటే, తట్టినప్పుడు చెవికి ఇబ్బందిగా మోగితే తప్ప వాటి జోలికి పోనక్కరలేదు.

ఈఎల్34, కేటీ88 వంటి పవర్ ట్యూబుల తరువాత పెంచే దశ ఏదీ లేదు. వాటి మైక్రోఫోనీ స్పీకరులో వినిపించడం అరుదు, పైగా వాటి వేడి రింగుకు శత్రువు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ట్యూబుకు రింగు తొడగడమంటే బండి చక్రానికి బదులు స్టీరింగుకు గాలి కొట్టినట్టు. 300బీ, 2ఏ3 వంటి ఫిలమెంటే కాథోడ్‌గా నేరుగా వేడెక్కే ట్రయోడ్‌లది (మూడు ఎలక్ట్రోడ్‌ల ట్యూబులది) మాత్రం వేరే కథ. వాటి ఫిలమెంటు స్ప్రింగులతో లాగి కట్టి ఉంటుంది కాబట్టి వీణ తీగలా మోగుతుంది. అక్కడ కూడా గాజుకు రింగు కన్నా సాకెట్ కింద మెత్తని ఆధారమే ఎక్కువ మేలు చేస్తుంది.

మొదటి మెట్టు: దోషం ట్యూబుదేనా?

పరికరాన్ని ఆన్ చేసి కనీసం అరగంట వేడెక్కనివ్వండి. వేడెక్కుతున్నప్పుడు లోపలి లోహపు భాగాలు సాగి ‘టిక్ టిక్’మనే చప్పుళ్ళు చేయడం సహజం, ఆ సమయంలో పరీక్ష చేస్తే మంచి ట్యూబును కూడా దోషిగా నిలబెడతాం. తరువాత వాల్యూమును తక్కువ నుంచి మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ, ఒక్కొక్క ట్యూబునూ పెన్సిలు రబ్బరుతోనో సన్నని చెక్క పుల్లతోనో ఒకే బలంతో తట్టండి. లోహపు స్క్రూడ్రైవరు వాడవద్దు. తట్టేటప్పుడు రెండో చేయి ఛాసిస్‌ను తాకకుండా ఉంచుకోవడం మంచి అలవాటు.

వినిపించేది మూడు రకాలుగా ఉంటుంది. స్వచ్ఛమైన ‘టింగ్’ వచ్చి వెంటనే ఆగితే అది మామూలు ట్యూబు. ఏ మాత్రం మోగని ట్యూబు దొరకడం కష్టం. ‘టింగ్’ సాగితే అది రింగు ఉపయోగపడే ట్యూబు. ‘కరకర’, ‘పటపట’ వస్తే మాత్రం చాలాసార్లు అది మైక్రోఫోనీ కాదు, సాకెట్‌లో పిన్ను వదులుగా ఉండటమో, టంకం సరిగా అతకకపోవడమో, పిన్నుల మీద చిలుము పట్టడమో అయి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా రింగు తొడిగితే రోగం ఒకటైతే మందు మరొకటి అవుతుంది.

అనుమానం తీరకపోతే ఎడమ ఛానెల్ ట్యూబునూ కుడి ఛానెల్ ట్యూబునూ తారుమారు చేయండి. చప్పుడు కూడా ఛానెల్ మారితే దోషం ట్యూబుది. మారకుండా అక్కడే ఉంటే దోషం సాకెట్‌లోనో ఆ చుట్టుపక్కల భాగాల్లోనో ఉంది. కొన్ని రకాల సెరామిక్ కెపాసిటర్లు కూడా తడితే మోగుతాయి. ఒకే ట్యూబులోని రెండు ట్రయోడ్‌లు ఎడమ, కుడి ఛానెళ్ళకు చెరొకటి పంచిన పరికరాల్లో ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు మంచిదని తెలిసిన మరో ట్యూబును పెట్టి చూడాలి. మార్చేది ఒకే రకం ట్యూబుల మధ్య మాత్రమే. 12ఏఎక్స్7, 6డీజే8 రెండూ తొమ్మిది పిన్నుల సాకెట్‌లో కూర్చుంటాయి గానీ హీటర్ (కాథోడ్‌ను వేడిచేసే తీగ) అమరిక వేరు కాబట్టి ఒకదాని చోట మరొకటి పెట్టకూడదు. పవర్ ట్యూబులను ఇలా తారుమారు చేస్తే బయాస్, అంటే సంకేతం లేనప్పుడు నడిచే కరెంటు అమరిక, మారుతుంది. వాటి జోలికి పోవద్దు.

తారుమారు చేయడంలో ఇంకో లాభం ఉంది. ఫోనోలో మొదటి స్థానంలో మోగే ట్యూబు అదే రకం వాడే తరువాతి స్థానంలో ఏ గొడవా లేకుండా ఏళ్ళ తరబడి పనిచేయవచ్చు. ఏమీ ఖర్చు లేని ఈ పరిష్కారం చాలామందికి తట్టదు.

రెండవ మెట్టు: వచ్చే దారిని ముందు మూయండి

రింగు కొనేముందు పరికరం నిలబడిన చోటును చూడండి. స్పీకర్లున్న అలమరలోనే ప్రీయాంప్ ఉంటే ఎన్ని రింగులు పెట్టినా ఏటికి ఎదురీదినట్టే. వేరే బల్ల మీదికి మార్చండి, వీలైతే స్పీకర్లకు ఎదురుగా కాక పక్కకు. గది మూలల్లో తక్కువ పౌనఃపున్యాల ధ్వని పేరుకుంటుంది కాబట్టి అక్కడ పెట్టవద్దు. పరికరం కాళ్ళ కింద సార్బోథేన్ వంటి మెత్తని పాదాలు పెట్టేటప్పుడు బరువుకు తగ్గవే ఎంచుకోవాలి. తేలికైన ప్రీయాంప్ కింద బరువైన పరికరాలకు ఉద్దేశించిన గట్టి పాదాలు పెడితే అవి నొక్కుకోవు, పనిచేయవు. బరువుకు ఓర్చలేని పాదాలు చదునుగా అణిగిపోతాయి.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కంపిస్తుంది. సరఫరా 50 హెర్ట్జ్ అయితే దాని మోత 100 హెర్ట్జ్ దగ్గరా, 60 అయితే 120 దగ్గరా ఉంటుంది. ఛాసిస్ మీద వేలు పెడితే ఆ వణుకు తెలిస్తే, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు బిగించి, మధ్యలో రబ్బరు వాషర్లు వేయడం రింగుకన్నా ముందు చేయాల్సిన పని. సొంతంగా పరికరం కట్టుకునేవారు ఫోనో ట్యూబుల సాకెట్లను చిన్న పలక మీద బిగించి, ఆ పలకను రబ్బరు గ్రామెట్ల మీద తేలేట్టు అమర్చవచ్చు. పాత ప్రీయాంపుల్లో కొన్ని ఈ పద్ధతినే పాటించాయి. కదిలే సాకెట్‌కు వెళ్ళే తీగలు మెత్తగా, కొంచెం వదులుగా ఉండాలి. బిగువైన తీగ కంపనాన్ని దొంగదారిన మళ్ళీ లోపలికి తెస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా తట్టినప్పుడు సాగే ఝంకారం మిగిలితే, అప్పుడు రింగు సంగతి చూద్దాం.

మూడవ మెట్టు: రింగు ఎంపిక

పనిచేసే గుణం బరువులో కాదు, లోపలి రాపిడిలో ఉంది. మెత్తని, సాగే పదార్థం వంగి మళ్ళీ తన ఆకారానికి వచ్చేటప్పుడు కొంత శక్తిని వేడిగా మార్చి పోగొట్టుకుంటుంది. గాజు కంపనం అలా ఆ పదార్థంలో ఖర్చయిపోతుంది. గట్టి లోహపు రింగును నేరుగా గాజుకు తగిలిస్తే బరువు పెరిగి మోగే పౌనఃపున్యం కొంచెం కిందికి జరుగుతుంది తప్ప మోత తగ్గదు. వదులైతే అదే గలగలలాడుతుంది. లోహపు రింగులు అమ్మేవాళ్ళలో తెలివైనవారు గాజును తాకే చోట మెత్తని ముక్కలు పెడతారు. పని చేసేవి ఆ ముక్కలే.

ఇంటి వాడుకకు మంచిది సిలికోన్ ఓ-రింగు. అది సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది, దీర్ఘకాలం మెత్తగా ఉంటుంది, గాజుకు అంటుకోదు. మామూలు నల్లని నైట్రైల్ రింగులు సుమారు 100 డిగ్రీల వరకే సరిపోతాయి. ఫోనో ట్యూబు మీద కొంతకాలం బాగానే ఉన్నట్టు కనిపించి, తరువాత గట్టిపడి పగుళ్ళిస్తాయి. సార్బోథేన్ కంపనాలను బాగా మింగుతుంది గానీ దాని హద్దు సుమారు 70 డిగ్రీలు. దాన్ని పరికరం కాళ్ళ కింద వాడండి, గాజు మీద కాదు.

ఈ భేదం నేను తప్పు చేసి నేర్చుకున్నాను. సిలికోన్ రింగులు చేతిలో లేక, నీటి పంపుల సామగ్రిలో మిగిలిన నల్ల రింగు ఒకటి ఈఎల్84 పవర్ ట్యూబు మీద ‘ఒక్క సాయంత్రానికేగా’ అని తొడిగాను. రెండు గంటల్లో గదిలో కాలిన రబ్బరు వాసన వచ్చింది. మరునాడు రింగును లాగితే పైపొర ఊడి వచ్చింది గానీ అడుగున ఒక నల్లని గీత గాజు చుట్టూ కరుచుకుపోయింది. గోటితో గీకితే జిగటగా, ఆల్కహాల్‌తో తుడిస్తే మరకగా మారి, చివరికి అది పోనే లేదు. ట్యూబు ఇప్పటికీ పనిచేస్తుంది, నడుముకు మసిగీతతో.

కొలతలు. 12ఏఎక్స్7, 6డీజే8, ఈఎల్84 వంటి తొమ్మిది పిన్నుల ట్యూబుల గాజు వ్యాసం 20 నుంచి 22 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కొనే ముందు వెర్నియర్ కాలిపర్‌తో మీ ట్యూబును చల్లగా ఉన్నప్పుడే కొలవండి. రింగు లోపలి వ్యాసం గాజు వ్యాసంకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, అంటే 21 మిల్లీమీటర్ల ట్యూబుకు 19 లేదా 20. రింగు మందం రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు చాలు. మరీ బిగువైన రింగు గాజును పగలగొట్టదు గానీ, బాగా సాగి ఉన్న రబ్బరు గట్టిపడినట్టే ప్రవర్తిస్తుంది, కంపనాన్ని మింగే గుణం తగ్గుతుంది. వదులైనది జారి కిందికి పోతుంది. 6ఎస్ఎన్7 వంటి ఎనిమిది పిన్నుల ట్యూబుల గాజు సుమారు 30 మిల్లీమీటర్లు ఉంటుంది, తయారీని బట్టి మారుతుంది కూడా. వాటిని కొలవకుండా కొనవద్దు.

నాల్గవ మెట్టు: తొడగడం

పరికరం ఆపి, ప్లగ్గు గోడ నుంచి పీకి, కనీసం అరగంట ఆగండి. ట్యూబు పరికరాల్లో 250 నుంచి 450 వోల్టుల డీసీ మామూలు. ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ వోల్టేజి కొంతకాలం నిలిచి ఉంటుంది. ట్యూబులు బయటికి కనిపించే పరికరమైతే మూత విప్పే అవసరం లేదు. మూత విప్పాల్సి వస్తే మల్టీమీటరుతో కెపాసిటర్ల వోల్టేజి చూసి, అది కొన్ని వోల్టులకు పడిపోయిందని రూఢి చేసుకున్నాకే చేయి పెట్టండి. మల్టీమీటరు వాడకం తెలియనివారు మూత విప్పకపోవడం మంచిది.

తొమ్మిది పిన్నుల ట్యూబును గాజు కింది భాగంలో పట్టుకుని, అతి కొద్దిగా అటూ ఇటూ కదుపుతూ నిటారుగా పైకి లాగాలి. పక్కకు వంచితే పిన్ను దగ్గర గాజు చీలుతుంది. పైన సన్నగా మూసిన గాజు మొనను పట్టుకోవద్దు. అది విరిగితే లోపలికి గాలి పోతుంది, వెండిలా మెరిసే గెట్టర్ పూత తెల్లబడుతుంది, ఆ ట్యూబు ఇక పనికిరాదు. ఎనిమిది పిన్నుల ట్యూబును గాజు పట్టుకుని కాక, కింది దిమ్మ పట్టుకుని తీయాలి. తీసిన ప్రతి ట్యూబుకూ ఏ సాకెట్‌దో చిన్న కాగితం అంటించండి. రెండు నిమిషాల తరువాత గుర్తుంటుందన్న ధీమా ఎప్పుడూ మోసం చేస్తుంది.

గాజును పొడి మెత్తని గుడ్డతో తుడవండి. ముద్రించిన అక్షరాల మీద ఆల్కహాల్ గానీ గట్టి రుద్దుడు గానీ పెట్టవద్దు. పాత ట్యూబుల్లో ఆ అక్షరాలు వేలితో రాస్తేనే పోతాయి, వాటితో పాటు ట్యూబు ఎవరిదో చెప్పే ఆధారమూ పోతుంది.

రింగును పై నుంచి తొడగాలి. మొన తగలకుండా రెండు చేతుల వేళ్ళతో రింగును నాలుగు వైపులా సాగదీసి, గాజు భుజం దాటించి, మెల్లగా దొర్లించకుండా జార్చాలి. దొర్లిస్తే రింగు మెలిక పడి, ఒక వైపు గాజును వదిలేస్తుంది. ఇక స్థానం విషయం. గాజులోంచి చూస్తే ఆనోడ్ పలకకు సరిగ్గా పైన అభ్రకపు బిళ్ళ కనిపిస్తుంది. కొన్ని ట్యూబుల్లో గెట్టర్ పూత దాన్ని సగం కప్పేస్తుంది, అప్పుడు కొంచెం వంచి వెలుతురులో చూడాలి. ఆ బిళ్ళ అంచు గాజును తాకే ఎత్తులో మొదటి రింగు ఉండాలి. కంపనం గాజు నుంచి లోపలికి దాటే ప్రదేశం అదే కాబట్టి రింగు అక్కడ చేసేంత పని మరెక్కడా చేయదు. రెండో రింగు పెట్టదలిస్తే కింది అభ్రకపు బిళ్ళ ఎత్తులో పెట్టండి. మూడోది వేడిని ఆపడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ట్యూబును తిరిగి సాకెట్‌లో పెట్టేముందు రింగు పక్క ట్యూబుకు గానీ, కెపాసిటరుకు గానీ, మూతకు గానీ తగలదని చూడండి. తగిలితే రింగు కంపనాన్ని మింగడానికి బదులు మోసుకొచ్చే వంతెన అవుతుంది. పరికరంతో వచ్చిన లోహపు కవచాలు ట్యూబుల మీద ఉంటే రింగుతో పాటు అవి ఎక్కవు. కవచం తీసేయాలా వద్దా అన్నది హమ్ (కరెంటు సరఫరా నుంచి వచ్చే సన్నని మోత) బట్టి నిర్ణయించుకోండి; ఫోనో మొదటి ట్యూబుకు కవచం తీస్తే కొన్ని పరికరాల్లో హమ్ పెరుగుతుంది, అలాంటి చోట కవచమే ముఖ్యం.

లోహపు బిగింపు ఉన్న డాంపర్లు వాడేవారికి ఒక హెచ్చరిక. అల్యూమినియం గాజుకన్నా రెండు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. వేడిగా ఉన్న ట్యూబు మీద దాన్ని బిగిస్తే చల్లబడేటప్పుడు అది గాజును పిండుతుంది. ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడే, వేలితో మాత్రమే బిగించాలి.

ఐదవ మెట్టు: తేడా వచ్చిందా, వచ్చిందనుకుంటున్నామా?

రింగు పెట్టిన చేత్తోనే పాట వేసి, ‘ఇప్పుడు గాయని గొంతు ఇంకా స్పష్టంగా ఉంది’ అనుకోవడం చాలా సులభం. మధ్యలో కనీసం అరగంట గడిచింది, పరికరం చల్లబడి మళ్ళీ వేడెక్కింది, మనం కొత్తదనం కోసం చెవులు రిక్కించి ఉన్నాం. దీన్ని నేను పరీక్షగా లెక్కపెట్టను. కంప్యూటరు, లైన్ ఇన్‌పుట్ ఉన్న సౌండ్ కార్డు, ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంట్లోనే నమ్మదగిన పరీక్ష చేయవచ్చు.

ముందుగా స్పీకర్లను నడిపే పవర్ యాంప్లిఫయర్‌ను ఆపేయండి. ప్రీయాంప్ అవుట్‌పుట్‌ను సౌండ్ కార్డుకు కలపండి. ఫోనో ఇన్‌పుట్‌లో షార్టింగ్ ప్లగ్గులు (ఇన్‌పుట్ రెండు కొసలనూ కలిపేసే ప్లగ్గులు) పెట్టండి. ఖాళీగా వదిలేస్తే హమ్ అన్నింటినీ కప్పేస్తుంది. రికార్డింగ్ స్థాయిని ఒకసారి సరిచేసి, ఇక చివరి దాకా ముట్టుకోవద్దు.

ఇక తట్టడం. చేతితో తట్టే దెబ్బ ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి ఒక చెక్క పూసను సన్నని దారానికి కట్టి, పూస ట్యూబు గాజును అప్పుడప్పుడే తాకేటట్టు పక్కన స్టాండు నుంచి వేలాడదీయండి. దారం 20 సెంటీమీటర్లు, పూస ఒక సెంటీమీటరు ఉంటే చాలు. వెనుక ఒక స్కేలు నిలబెట్టి, పూసను ప్రతిసారీ మూడు సెంటీమీటర్లు వెనక్కి లాగి వదలండి. గాజుకు తగిలి వెనక్కి వచ్చిన పూసను రెండోసారి తగలకముందే వేళ్ళతో పట్టేయాలి. మొదట నాలుగైదు సార్లు తప్పుతుంది, తరువాత చేతికి ఆ లయ అలవాటవుతుంది. రింగు లేకుండా పది దెబ్బలు, రింగుతో పది దెబ్బలు, మళ్ళీ రింగు తీసి పది దెబ్బలు రికార్డు చేయండి. మూడో విడత ఎందుకంటే, అది మొదటి విడతతో సరిపోలితేనే మధ్యలో వచ్చిన మార్పు రింగుదని నమ్మవచ్చు.

ఆడాసిటీలో తరంగ రూపాన్ని పెద్దది చేసి చూస్తే ప్రతి దెబ్బ దగ్గరా నిటారుగా లేచిన ముల్లు, దాని వెనుక క్రమంగా సన్నబడే తోక కనిపిస్తాయి. చూడాల్సింది ఆ తోక పొడవు. స్పెక్ట్రోగ్రామ్ రూపంలోకి మారిస్తే కొన్ని వందల హెర్ట్జ్ నుంచి కొన్ని వేల హెర్ట్జ్ మధ్య ఒకటి రెండు అడ్డగీతలు తోకలుగా సాగుతాయి. అవే ఆ ట్యూబు మోగే పౌనఃపున్యాలు. నా ఫోనోలోని 12ఏఎక్స్7 విషయంలో ముల్లు ఎత్తు రింగుతో పెద్దగా తగ్గలేదు గానీ తోక సగానికి పైగా కురచైంది. దెబ్బ తగిలిన క్షణాన వచ్చే చప్పుడును రింగు ఆపలేదు, ఆ తరువాత సాగే మోతనే మింగింది. రింగు ఏం చేయగలదో ఆ బొమ్మ నాకు ఏ ప్రకటనకన్నా బాగా చెప్పింది. అదే రింగును లైన్ స్టేజిలోని 12ఏయూ7 మీద పెట్టినప్పుడు మూడు విడతల బొమ్మల మధ్య తేడా పట్టుకోలేకపోయాను.

తట్టడం అతిశయమైన పరీక్ష. సంగీతం వినేటప్పుడు ట్యూబును ఎవరూ పూసతో కొట్టరు కదా. అందుకే రెండో పరీక్ష కూడా చేయండి. ప్రీయాంప్‌ను సౌండ్ కార్డుకే కలిపి ఉంచి, ఇన్‌పుట్ షార్టు చేసే ఉంచి, స్పీకర్లను మాత్రం వేరే పరికరం నుంచి నడపండి. మామూలుగా వినే స్థాయిలో 20 హెర్ట్జ్ నుంచి 2,000 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే స్వరాన్ని వేయండి. ప్రీయాంప్‌లోకి ఏ సంకేతమూ పోవడం లేదు కాబట్టి, దాని అవుట్‌పుట్‌లో ఆ స్వరం వెంట ఏదైనా పెరుగుతూ కనిపిస్తే అది గాలి ద్వారానో బల్ల ద్వారానో చేరిన కంపనమే. ఏమీ కనిపించకపోతే మీ గదిలో, మీ అమరికలో రింగు అవసరమే లేదన్నమాట. ఏదైనా కనిపిస్తే రింగుతో ఒకసారి, పరికరాన్ని వేరే బల్లకు మార్చి ఒకసారి కొలిచి, రెండింటిలో ఏది ఎక్కువ తగ్గించిందో చూడండి. బల్ల మార్పు గెలిస్తే ఆశ్చర్యపోవద్దు.

వేడి, నిర్వహణ

12ఏఎక్స్7 హీటరు రెండు వాట్ల లోపే తీసుకుంటుంది, ఆనోడ్ వేడి కూడా తక్కువ, కాబట్టి ఒకటి రెండు సన్నని రింగుల వల్ల దాని ఉష్ణోగ్రతలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. ఈఎల్34 సంగతి వేరు. హీటరే తొమ్మిదిన్నర వాట్లు, ఆనోడ్ మరో 25 వాట్ల దాకా. అలాంటి గాజు మీద సిలికోన్ కూడా తన హద్దు దగ్గరికి చేరుతుంది. అనుమానముంటే గంటసేపు నడిచాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రింగు పక్కన గాజును కొలవండి. ఆ కిరణాలకు గాజు పారదర్శకం కాదు కాబట్టి కనిపించే అంకె లోపలి ప్లేటుది కాదు, గాజుదే. 150 డిగ్రీలు దాటితే ఆ ట్యూబు మీద రింగు ఉంచకపోవడమే నా పద్ధతి.

ఏడాదికొకసారి రింగులు తీసి, వేళ్ళ మధ్య నొక్కి చూడండి. గట్టిపడినవి, మెరుపు పోయి పొడిబారినవి, పగుళ్ళు కనిపించినవి మార్చేయండి. గాజుకు అంటుకున్న రింగును బలవంతంగా లాగవద్దు. ట్యూబును సాకెట్ నుంచి తీసి, మొనను కాపాడుకుంటూ, చిన్న కత్తెరతో రింగును కత్తిరించి విప్పండి.

రింగు తొడిగి, చోటు మార్చి, పాదాలు పెట్టి చూసినా మోగడం మానని ట్యూబు ఒకటి ఎక్కడో అక్కడ తగులుతుంది. దాన్ని పారేయకండి. కాగితం మీద ‘మోగుతుంది, ఫోనోకు వద్దు’ అని రాసి పెట్టెలో ఉంచండి. లైన్ స్టేజిలోనో, ఫేజ్ ఇన్వర్టరు దగ్గరో అదే రకం ట్యూబు అవసరం పడిన రోజున అది అక్కడ కూర్చుని, ఏ రింగూ లేకుండానే నిశ్శబ్దంగా పనిచేస్తుంది.